ఒక్కరోజు ముందు

మిలాన్‌లోని అరేనా మైదానం, 1979 జూన్ 14. వాద్యాలు సర్దుకుంటున్న కళాకారులకు కబురు అప్పటికే అందింది. ఎవరి వైద్యానికి డబ్బు కూడబెడదామని ఈ కచేరీ తలపెట్టారో, ఆ గాయకుడు దెమేత్రియో స్త్రాతోస్ ముందురోజే న్యూయార్క్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఎముక మజ్జ రక్తకణాలను తయారుచేయడం మానేసే జబ్బు. వయసు 34. కచేరీ మాత్రం రద్దు కాలేదు. దాదాపు 60 వేలమంది వచ్చారు.

అలెగ్జాండ్రియాలో గ్రీకు దంపతులకు పుట్టి, ఆర్కిటెక్చర్ చదువుకని మిలాన్ చేరిన కుర్రాడు అతను. 1967లో ఒక ప్రేమపాటతో ఇటలీ అంతా మోగిపోయాడు. అలాంటివే మరో పది పాడుకుంటే హాయిగా గడిచేది. అతను మాత్రం 1972లో డ్రమ్మర్ జూలియో కపియోత్సోతో కలిసి 'ఏరియా' బృందం కట్టాడు. రాక్, జాజ్, బాల్కన్ నడకలు, అరబ్బు స్వరాలు, సింథసైజర్ రొద అన్నీ అందులో కలగలిశాయి. మొదటి రికార్డుకు నాజీ శిబిరాల గేటు మీది మాటలనే పేరుగా పెట్టి, లోపల అట్టతో చేసిన పిస్తోలు ఉంచారు. ఆ పిస్తోలు నాకు కొంచెం చవకబారుగానే తోస్తుంది. ఆ దశకం ముగిసేలోగా ఇటలీ వీధుల్లో నిజం తుపాకులే పేలాయి మరి.

వాళ్ల అసలు తిరుగుబాటు అట్ట పిస్తోలులో లేదు, స్త్రాతోస్ గొంతులో ఉంది. చంటికూతురు ఉంగా ఉంగా అంటుంటే అతను చెవి ఒగ్గి వినేవాడు. మాటలు వచ్చేకొద్దీ ఆ పసిగొంతులోని శబ్దాలు ఒక్కొక్కటే పోతున్నాయని గమనించాడు. పోయినవాటిని తన గొంతులో తిరిగి వెతుక్కున్నాడు. ఒకేసారి రెండు, మూడు స్వరాలు పలికే ఆ గొంతును పాదువాలో ధ్వనిశాస్త్రజ్ఞులు యంత్రాలతో పరీక్షించారు. పాట సరుకుగా మారిన రోజుల్లో, అమ్మడానికి వీలుకాని శబ్దం చేయడమే అతని రాజకీయం.

వినేవాళ్లనూ ఊరికే కూర్చోనివ్వలేదు. 1976 వేసవిలో మిలాన్‌లోని లాంబ్రో పార్కు యువజనోత్సవం గొడవలతో అట్టుడికింది. ధరలు మండిపోతున్నాయని జనం గడ్డకట్టిన కోళ్లను లారీల్లోంచి ఎత్తుకుపోయారు. అక్కడే ఏరియా సింథసైజర్ తీగలను జనం చేతికిచ్చింది. చేయీ చేయీ కలిస్తే శబ్దం మారేది. అదే అక్టోబరులో మిలాన్ విశ్వవిద్యాలయంలో వ్యంగ్యం, మౌనం, హింస వంటి మాటలు రాసిన చీటీలు తీసుకుని, వచ్చిన మాటను మూడేసి నిమిషాలు వాయించారు. విసుక్కున్నవాళ్లూ ఉండే ఉంటారు!

జబ్బు బయటపడే నాటికి అతను గొంతు పరిశోధన కోసమే బృందాన్ని వదిలేశాడు. అయినా జూన్ 14న పాత మిత్రులు వేదికెక్కారు. వాయించినవాటిలో 'ఇంటర్నేషనల్' ఒకటి. మన ఎర్రజెండా సభల్లో తెలుగులో పాడుకునే గీతమే అది. 1974లో జైల్లో ఉన్న ఒక అరాచకవాది సాయానికని దాన్ని రికార్డు చేశారు. ఏరియా చేతిలో దానికి మాటలుండవు, వాద్యాలే. గాయకుడు లేకపోయినా పూర్తిగా వాయించగలిగిన పాట అది.