పెంగ్విన్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నా తప్పే.. మంచుకొండల మధ్య చిన్న షిప్పు యాత్ర ఎలా ఉంటుందంటే?

కాశిబుగ్గ (వరంగల్): ఎండాకాలం వస్తే వరంగల్‌లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటేస్తుంది. మధ్యాహ్నం పూట కాశిబుగ్గలో ఏ షాపు నీడనో కూర్చొని ఫోన్ తెరిస్తే.. మంచు మీద తడబడుతూ నడిచే పెంగ్విన్లు, నీలి రంగు మంచుకొండలు, వాటి మధ్య ఓ చిన్న షిప్పు. చూడ్డానికి చల్లగానే ఉంటుంది. కానీ ఆ 30 సెకన్ల వీడియో వెనుక రెండు రోజుల అల్లకల్లోల సముద్రం, కఠినమైన రూల్స్, ఓ షిప్పు మునిగిపోయిన చరిత్ర ఉన్నాయి. ఆ వివరాలు ఇవీ..

ఎక్కడ మొదలవుతుంది?

అంటార్కిటికా టూరిస్టు షిప్పుల్లో ఎక్కువ భాగం అర్జెంటీనాలోని ఉషుయా రేవు నుంచి బయల్దేరతాయి. మధ్యలో డ్రేక్ జలసంధి దాటాలి. దీనికే దాదాపు రెండు రోజులు పడుతుంది. ప్రపంచంలో అలల తాకిడి ఎక్కువగా ఉండే సముద్రాల్లో ఇదొకటి. తొలిసారి వెళ్లేవాళ్లలో చాలామందికి వాంతులు, తల తిరగడం మామూలే. సీజన్ నవంబర్ నుంచి మార్చి వరకు. మనకు చలికాలం అయితే అక్కడ అదే ఎండాకాలం. అయినా ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూగానే ఉంటుంది.

షిప్పు చిన్నదే ఎందుకు?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. 500 మందికి మించి ప్రయాణికులున్న షిప్పు నుంచి ఎవరినీ ఒడ్డున దించకూడదు. చిన్న షిప్పు అయినా సరే, ఒక చోట ఒకేసారి 100 మందికి మించి దిగకూడదు. అంటే రెండు ఆర్టీసీ బస్సుల జనం అన్నమాట. అందుకే 100 మంది షిప్పులో అందరూ ఒకేసారి దిగొచ్చు. 200 మంది ఉంటే సగం మంది తమ వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. అక్కడ రేవులు ఉండవు కాబట్టి రబ్బరు బోట్లలోనే ఒడ్డుకు చేరాలి. ఇంత చేసినా రద్దీ తగ్గట్లేదు. 2023-24 సీజన్‌లో లక్షా 20 వేల మందికి పైగా అంటార్కిటికా వైపు వెళ్లారు.

మంచుకొండతో ఆటలొద్దు

నీటిపైన కనిపించేది మంచుకొండలో పదో వంతే. మిగతాదంతా నీటి కింద ఉంటుంది. అడుగు భాగం కరిగేకొద్దీ బరువు మారి, కొండ ఉన్నట్టుండి బోల్తా కొడుతుంది. అందుకే బోట్లు దూరం నుంచే తిరుగుతాయి.

2007 నవంబర్ 23న ఏం జరిగిందో చూస్తే విషయం అర్థమవుతుంది. మంచు సముద్రాల్లో టూరిస్టుల కోసమే 1969లో కట్టిన ఎక్స్‌ప్లోరర్ అనే చిన్న షిప్పు, దక్షిణ షెట్లాండ్ దీవుల దగ్గర మంచుకు గుద్దుకుని మునిగిపోయింది. అందులోని 154 మంది కొన్ని గంటలపాటు లైఫ్‌బోట్లలోనే గడిపారు. నార్వేకు చెందిన నార్డ్‌నోర్గే షిప్పు వచ్చి అందర్నీ ప్రాణాలతో కాపాడింది. దగ్గర్లో ఇంకో షిప్పు ఉండటం వల్లే బతికారు. చుట్టూ ఊరు లేదు, ఆస్పత్రి లేదు. ఆ తర్వాత 2011 నుంచి అక్కడ చిక్కటి మురికి ఇంధనంపై నిషేధం వచ్చింది. 2017 జనవరి 1 నుంచి ధ్రువ సముద్రాల్లో తిరిగే షిప్పులకు పోలార్ కోడ్ అమల్లోకి వచ్చింది.

సైజు విషయానికొస్తే.. ఏ23ఏ అనే మంచుకొండ 1986లో విడిపోయి, 30 ఏళ్లకు పైగా ఒకేచోట ఇరుక్కుపోయింది. 2020లో కదిలింది. 2025 మొదట్లో కూడా దాని విస్తీర్ణం సుమారు 3,500 చదరపు కిలోమీటర్లు. 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్ఎంసీలు ఐదు పట్టేంత!

సెల్ఫీకి కూడా లెక్క ఉంది

పెంగ్విన్‌కు కనీసం 5 మీటర్ల దూరం పాటించాలి. అదే దగ్గరికొస్తే మనమే పక్కకు తప్పుకోవాలి. దిగే ముందు, ఎక్కిన తర్వాత బూట్లు మందు నీళ్లలో కడగాలి. సరదాకి డ్రోన్ ఎగరేయడం కుదరదు. ఫొటో కోసం నేల మీద కూర్చోవడం, మోకాళ్ల మీద వంగడం, బ్యాగు కింద పెట్టడం కూడా ఇప్పుడు నిషేధమే. కారణం బర్డ్ ఫ్లూ. 2023 అక్టోబర్‌లో దక్షిణ జార్జియా దీవుల్లో, 2024 ఫిబ్రవరిలో అంటార్కిటికా ప్రధాన భూభాగంలో దీన్ని గుర్తించారు. పెంగ్విన్లు వేల సంఖ్యలో గుంపుగా బతుకుతాయి. ఒక బూటుకు అంటిన రెట్ట గుంపు మొత్తానికి ముప్పు తేవచ్చు.

ఇంకో మాట. పెంగ్విన్, తెల్ల ఎలుగుబంటి పక్కపక్కన కనిపించే వీడియో వస్తే అది ఫేక్. ఎలుగుబంట్లు ఉండేది ఉత్తర ధ్రువం వైపు.

మనకేంటి సంబంధం?

భారత్ తొలి అంటార్కిటికా బృందం కూడా అద్దె షిప్పులోనే వెళ్లింది. డాక్టర్ ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో 21 మంది 1981 డిసెంబర్ 6న గోవాలో పోలార్ సర్కిల్ అనే నార్వే షిప్పు ఎక్కి, 1982 జనవరి 9న మంచు నేలపై కాలు పెట్టారు. ఇప్పుడు అక్కడ మైత్రి, భారతి కేంద్రాలున్నాయి. భారతిలోని ఇస్రో గ్రౌండ్ స్టేషన్‌ను చూసుకునేది హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ. ఆ సంస్థ నుంచి వెళ్లిన మంగళ మణి అక్కడ 403 రోజులు ఉండి, 2017 చివర్లో తిరిగొచ్చారు. అప్పటికి ఆమె వయసు 56.

ఉమ్మడి వరంగల్‌కూ పాత చుట్టరికమే ఉంది. భూపాలపల్లి బొగ్గు పొరలు గోండ్వానా కాలం నాటివి. అప్పట్లో భారత్, అంటార్కిటికా ఒకే భూఖండం. ఆ కాలపు గ్లోసోప్టెరిస్ చెట్ల శిలాజాలు గోదావరి లోయలోనూ దొరికాయి, అంటార్కిటికాలోనూ దొరికాయి.

వెళ్లాలంటే?

2022లో వచ్చిన భారత అంటార్కిటికా చట్టం ప్రకారం అనుమతి లేకుండా వెళ్లడం కుదరదు. భారత్ అనుమతి గానీ, ఒప్పందంలో ఉన్న మరో దేశం అనుమతి గానీ ఉండాలి. టూరిస్టుగా అయితే ఖర్చు లక్షల్లోనే. అయితే ఇంకో దారి ఉంది. గోవాలోని ఎన్‌సీపీఓఆర్ మైత్రి, భారతి కేంద్రాల కోసం శాస్త్రవేత్తలనే కాదు.. డాక్టర్లు, వంటవాళ్లు, వెల్డర్లు, కార్పెంటర్లు, ఎలక్ట్రీషియన్లు, వాహన మెకానిక్‌లను కూడా కాంట్రాక్టు మీద తీసుకుంటుంది. నోటిఫికేషన్లు ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే వస్తాయి. కాశిబుగ్గలో స్పానర్ పట్టిన చెయ్యికి కూడా మంచు ఖండంలో పని ఉందన్నమాట.