రాగి పలకలపై నిలిచిన తెలుగు పేర్లు

గ్రంథంలోని అక్షరం చదువుకున్నవారితో మాత్రమే మాట్లాడుతుంది. చిత్రం అందరితోనూ మాట్లాడుతుంది. ఛాయాచిత్రకళ 1839లో లోకానికి వెల్లడి కాకముందు, దాదాపు మూడు శతాబ్దాల పాటు ఐరోపా విజ్ఞానానికి అచ్చుచిత్రమే కన్నుగా నిలిచినది. 1543లో వెసేలియస్ ప్రకటించిన శరీరశాస్త్ర గ్రంథంలోని చెక్క అచ్చులు వైద్యవిద్యార్థులకు మానవదేహాన్ని విప్పి చూపినవి. 1723లో మొదలైన బెర్నార్ పికార్ట్ గ్రంథమాల దేశదేశాల పూజలను, పెండ్లిండ్లను, ఉత్సవాలను రాగి పలకలపై చిత్రించినది. 1751 నుండి ఫ్రాన్సులో దిదెరో సంపాదకత్వాన వెలువడిన విజ్ఞాన సర్వస్వం మగ్గాన్ని సైతం భాగభాగాలుగా విడదీసి చూపినది.

ఈ చరిత్రలో తెలుగునాటికి ఒక విశిష్టస్థానం కలదు. ఆ సంగతి షోలాపూరు సాలెవాడల వారికి తెలియదగినది. ఎందుకనగా ఆ చిత్రాలలో నేతవృత్తికి ప్రాణమైన ఒక రంగువేరు ఉన్నది. దానితోపాటు మాతృభాష విలువను తెలిపే ఒక పాఠమూ ఉన్నది.

రాగి పలక పద్ధతి

ఈ ముద్రణ విధానం తాళపత్రాల నాటి తెలుగువారికి కొత్తగా తోచదు. తాటాకుపై గంటంతో వ్రాసి, మసి పూసి తుడిచితే, గీతలలో మాత్రమే మసి నిలిచి అక్షరం కనిపిస్తుంది. రాగి పలక రహస్యమూ ఇదే. నునుపు చేసిన రాగి రేకుపై సన్నని ఉక్కు పనిముట్టుతో గీతలు చెక్కుతారు. సిరా పూసి పైభాగం శుభ్రంగా తుడుస్తారు. గీతలలో మిగిలిన సిరాపై తడిపిన కాగితం పరచి, రెండు బరువైన రోలర్ల నడుమ నడిపితే చిత్రం కాగితానికి ఎక్కుతుంది. ఒక్కొక్క ప్రతికి రంగులు చేతితోనే వేసేవారు. పలకపై ఎడమ కుడిగా, కుడి ఎడమగా చెక్కవలెను గనుక, ఆ పనికి కంటిచూపు, ఓర్పు రెండూ కావలసి ఉండెను.

విశాఖపట్నపు పాములు, చేపలు

స్కాట్లండుకు చెందిన పాట్రిక్ రసెల్ అను వైద్యుడు 1780ల ఆరంభంలో విశాఖపట్నం చేరి, 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతిశాస్త్రజ్ఞుడైనాడు. ఏ పాము విషసర్పమో, ఏది కాదో తెలియక జనం ప్రతి పామునూ చూసి భయపడుతున్నారని గ్రహించి, పాములను సేకరించి, వాటి కోరలను, పొలుసులను పరిశీలించి చిత్రాలు గీయించినాడు. కోరమండల్ తీరపు సర్పాలపై ఆయన గ్రంథం 1796లో లండనులో వెలువడినది. విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపలపై మరొక గ్రంథం 1803లో వచ్చినది.

విశేషమేమనగా, ఈ గ్రంథాలలో స్థానిక తెలుగు పేర్లు రోమను లిపిలో చోటు చేసుకున్నవి. పల్లెజనం కాటుక రేకుల పొడ అని పిలిచిన పామును రసెల్ ఆ పేరుతోనే వర్ణించినాడు. తరువాతి వారు ఆ పాముకు రసెల్ పేరే తగిలించగా, ఇంగ్లీషులో నేటికీ అదే చెల్లుచున్నది. కాని మరొక పాము విషయంలో తెలుగే గెలిచినది. నలుపు పసుపు పట్టెల కట్లపామును ఇక్కడివారు బంగారు పాము అనేవారు. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ కట్లపాముల ప్రజాతికి ఈ మాట నుండే బంగారస్ అని నామకరణం చేసినాడు. ప్రపంచమంతటి జంతుశాస్త్ర విద్యార్థులు నేడు పలికే ఆ పేరు తెలుగుపల్లె మాట.

సామర్లకోట మొక్కలు, చిరివేరు

రసెల్ అనంతరం ఆ పదవికి వచ్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుండి సామర్లకోటలో ఉండి, అక్కడ తోట వేసి, మిరియం, నీలి మొదలగు పంటలపై ప్రయోగాలు చేసినాడు. 1787లో కోరంగి తీరాన్ని ముంచిన ఉప్పెనలో ఆయన పుస్తకాలు, పత్రాలు కొట్టుకొనిపోయినవి. అయినను మరల మొదటినుండి సేకరణ ఆరంభించినాడు. స్థానిక చిత్రకారులచే గీయించిన మొక్కల బొమ్మలను లండనుకు పంపగా, కెప్టెన్ కుక్‌తో తొలి సముద్రయానం చేసివచ్చిన జోసెఫ్ బ్యాంక్స్ వాటిలో శ్రేష్ఠమైనవి ఎన్నుకొని రాగి పలకలపై చెక్కించినాడు. 1795లో ఆరంభమైన ఆ గ్రంథం మూడు సంపుటాలలో మూడువందల చిత్రాలతో పూర్తి అగునప్పటికి రాక్స్‌బర్గ్ జీవించి లేడు. ఆయన 1815లో మరణించినాడు.

ఆ చిత్రాలలో తెలుగు ఇంటివారెరిగిన మొక్కలే కనిపిస్తాయి: ముషిణి, మోదుగ, బురదనీటిని తేర్చే చిల్లగింజల చెట్టు. జ్వరానికి వాడే సోమిద చెట్టు బెరడు సింకోనాకు బదులుగా పనికివచ్చునని రాక్స్‌బర్గ్ సూచించినాడు. 1830లో శాస్త్రజ్ఞులు దాని ప్రజాతికి సోయ్‌మిడా అను పేరే స్థిరపరచినారు.

ఆ గ్రంథంలో మూడవ చిత్రం చిరివేరు. కోస్తా ఇసుక నేలల్లో జానెడెత్తు పెరిగే ఈ చిన్న మొక్క వేరుతోనే మచిలీపట్నపు అద్దకపు బట్టలకు ఎరుపు వచ్చేది. కరక్కాయ, గేదెపాలతో బట్టను సిద్ధపరచి, పటిక పట్టించి, ఈ వేరుతో ఉడికిస్తే పటిక తగిలిన చోటనే రంగు పట్టి, ఎన్ని ఉతుకులకైనా నిలిచేది. మొక్కలోని ఏ గుణాన్ని కంపెనీ లాభంగా చూసినదో, అదే గుణం రంగరికి, నేతరికి కూడు పెట్టినది. 1868లో జర్మనీ రసాయనశాస్త్రజ్ఞులు గ్రేబె, లీబెర్మన్ ఈ ఎరుపుకు మూలమైన ఆలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసినారు. చవుకగా దొరికే ఆ రంగు ముందు చిరివేరు సాగు నిలువలేకపోయినది. షోలాపూరులో మొదటి నూలుమిల్లు 1877లో పనిచేయుట ఆరంభించినది. తెలంగాణ పల్లెల నుండి వచ్చి మిల్లులలో, మగ్గాల మీద బ్రతికిన కుటుంబాల తరువాతి తరాలకు డబ్బాలలో వచ్చే రంగే తెలిసినది. వేరు పేరు మరుగున పడినది. అది చెక్కుచెదరక నిలిచిన చోటు ఆ రాగి పలక చిత్రమే.

పేరు లేని చేతులు

ఆ కాలపు అచ్చుచిత్రాల అడుగున పలక చెక్కినవాని పేరు వేయుట పరిపాటి. గ్రంథకర్త పేరు ముఖపత్రంపై ఉంటుంది. కాని సామర్లకోట ఎండలో కూర్చుండి, ఆకు ఈనెలు లెక్కపెట్టి, కాయను కోసి గింజ అమరిక చూసి గీసిన చిత్రకారుని పేరు ఆ గ్రంథంలో లేదు. రాక్స్‌బర్గ్ తెలుగునాటనూ, తరువాత కలకత్తాలోనూ గీయించిన చిత్రాలు రెండున్నర వేలకు పైబడినవి. వాటి ప్రతులు నేటికీ కలకత్తా శివారులోని హౌరా ఉద్యానంలోను, ఇంగ్లండులోని క్యూ ఉద్యానంలోను భద్రంగా ఉన్నవి. కళ నిలిచినది, కళాకారుడు మరుగైనాడు.

ఈ లోపం నేతవారికి తెలిసినదే. షోలాపూరు జకార్డు దుప్పటిపై వికసించిన పువ్వును చూసి మెచ్చుకొనేవారు అనేకులు. గళ్ల కాగితంపై ఆ పువ్వును గడిగడిగా గుర్తించి, దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టినవాని పేరు అడిగేవారు అరుదు. 1839లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఇరువదినాలుగువేల అట్టలతో జకార్డు చిత్రపటాన్ని పట్టులో నేసినారు. చూసినవారు దానిని రాగి పలక చిత్రమనే భ్రమించినారు. గంటం చేసే పనిని మగ్గమూ చేయగలదని ఆనాడు రుజువైనది.

ఈ చరిత్ర విద్యార్థులకు నేర్పే పాఠం రెండు విధాలు. మొదటిది, జాలరి, రైతు, రంగరి నోటి మాట శాస్త్రానికి తక్కువైనది కాదు. బంగారు పాము, సోమిద అను పేర్లే సాక్ష్యం. రెండవది, చేసిన పనికి తన పేరు తాను వ్రాసుకొనగలిగినవాడే చరిత్రలో నిలుస్తాడు. నాటి చిత్రకారునికి కుంచె ఉండెను, అక్షరం వ్రాసే అవకాశం లేకపోయెను. నేతవాడలోని తెలుగు పాఠశాల తన పిల్లల చేతికి పలకాబలపం ఇచ్చిన నాడే ఆ కొరత తీర్చుటకు పూనుకొన్నది. తాత నేసిన దుప్పటి పేరును, అమ్మమ్మ చెప్పిన మొక్క పేరును ఒక్కొక్క విద్యార్థి తన నోటుపుస్తకంలో తెలుగులో వ్రాసి, అడుగున తన పేరు చేర్చినచో, రేపటి గ్రంథాలలో పేరు లేని చేతులు ఉండవు.