అక్కయ్య పాట – కంప్యూటరు మైకు కథ

బడిపంతులుగా ఉన్నన్నాళ్ళూ మైకుతో నా పరిచయం ఆగస్టు పదిహేను సభలను దాటి పోలేదు. దాని కడుపులో ఏమున్నదో తెలుసుకోవలసిన అగత్యం 2019 వేసవిలో కలిగింది. మా అక్కయ్య పాడే ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటను ఇంటి కంప్యూటరులో భద్రపరచాలని సంకల్పించాను. ఆమెకు అప్పటికి డెబ్బది తొమ్మిదేళ్ళు, పైగా ఉబ్బసం. ఆ పాట మాటలు అచ్చులో దొరుకుతాయి. అమ్మమ్మ నుంచి అమ్మకూ, అమ్మ నుంచి అక్కయ్యకూ వచ్చిన వరుస మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. "ఒక్కసారే పాడతానురా తమ్ముడూ, మళ్ళీ మళ్ళీ పాడమంటే నా వల్ల కాదు" అని ఆమె ముందే చెప్పింది.

మొదట కంప్యూటరుతో పాటు వచ్చిన చిన్న మైకుతో ప్రయత్నించాను. గోలీకాయంత ఆ వస్తువు వెనుక పెద్ద చరిత్రే ఉన్నది. 1902 నవంబరులో గైస్‌బర్గ్ దొర కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేసినప్పుడు మైకూ లేదు, విద్యుత్తూ లేదు. గాయకులు కొమ్ముబూరలోనికి గొంతు చించుకొని పాడితే, ఆ కంపనమే సూదిని కదిపి మైనం మీద గాడి గీసేది. 1916లో అమెరికాలో వెంటే అనే శాస్త్రజ్ఞుడు కండెన్సర్ మైకును నిర్మించాడు. రెండు పలకలు, వాటిలో ఒకటి పలుచని పొర. ధ్వని తాకి పొర అదిరితే, పలకల మీది విద్యుదావేశంలో ఆ అదురు ప్రతిఫలిస్తుంది. గ్రామఫోను రికార్డింగులోనికి మైకు వచ్చినది 1925లో. అయితే ఆ పలకలకు బయటినుండి విద్యుత్తును ఎడతెగక అందించాలి. అందుకు బరువైన పరికరాలు కావాలి. అది ధనవంతుల సొత్తుగానే ఉండిపోయింది.

ఆ బరువును దించినవారు బెల్ ప్రయోగశాలలోని సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు. 1962లో వారు పలుచని ప్లాస్టిక్ పొరలో ఆవేశాన్ని ఏళ్ళ తరబడి నిలిచి ఉండేటట్లు బంధించారు. అయస్కాంతానికి అయస్కాంతత్వం ఎట్లాగో, ఆ పొరకు విద్యుదావేశం అట్లాగు. అటువంటి పదార్థానికి ‘ఎలెక్ట్రెట్’ అనే పేరు అంతకు చాలా ముందే, 1885లో, హెవీసైడ్ పెట్టాడు. ఎలెక్ట్రిసిటీ తలనూ మాగ్నెట్ తోకనూ అతికించిన మాట అది. సంధి కాదు, సమాసమూ కాదు. చిన్నయసూరి చూస్తే ఏ పరిచ్ఛేదంలో వేసేవాడో! పేరు ఎట్లున్నా ఫలం గొప్పది. కొద్ది రూపాయలకే మైకు దొరకసాగింది. లోపలి చిన్న ట్రాన్సిస్టరు కోసం రెండు మూడు వోల్టులు ఇస్తే దానికి చాలు. కంప్యూటరు వెనుక గులాబీ రంగు రంధ్రం ఇచ్చేది ఆ కొద్దిపాటి విద్యుత్తునే.

నా చిన్న మైకులో లోపం లేదు గాని, అది అన్ని దిక్కులనుంచీ వింటుంది. పాటతో పాటు పంకా రొద, పెరటి పంపు చప్పుడు, కంప్యూటరు పెట్టెలోని గాలిమర హోరు సమానంగా వినిపించాయి. ఇంతకంటె మేలైనది కావాలని బస్తీకి వెళ్ళాను. కొట్టువారు మొదట పెద్ద కండెన్సర్ మైకు చూపించారు. దానికి నలుబది ఎనిమిది వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలట; 1966 నాటినుండి నెలకొన్న పద్ధతి అది. కంప్యూటరు రంధ్రం ఇచ్చే రెండు మూడు వోల్టులకు అది పలకదు. ఆ విద్యుత్తు ఇచ్చే పెట్టెను విడిగా కొనే స్తోమత నాకు లేదు. భజన మందిరాలలో వాడే డైనమిక్ మైకు తీసుకున్నాను. అయస్కాంతం నడుమ తీగచుట్ట అదిరి తన విద్యుత్తు తానే పుట్టించుకుంటుంది, ఎవరినీ యాచించదు. ధ్వని మాత్రం బలహీనం. నోటికి జానెడు దూరంలోపలే ఉండాలి. దాని మూడు కాళ్ళ మూతి కంప్యూటరుకు పట్టదు గనుక, కొట్టులోనే ఒక తీగెకు సన్నని స్టీరియో ప్లగ్గు అతికించి ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం పంకా ఆపి, దండెం మీద రెండు బొంతలు ఆరవేసి, వాటి నడుమ అక్కయ్యను కూర్చోబెట్టాను. ఓష్ఠ్యాలు పలికినప్పుడల్లా, ముఖ్యంగా ఫకార భకారాలకు, ఊపిరి తగిలి మైకు ‘ధబ్బు’ మంటున్నది. పాత నైలాను చీర ముక్కను అల్లిక చట్రానికి బిగించి అడ్డం పెట్టి, మైకును కాస్త ఓరగా నిలిపితే సర్దుకున్నది. ఆయాసం వచ్చినచోట ఆగుతూ, మంచినీళ్ళు తాగుతూ, అక్కయ్య పాట పూర్తి చేసింది. చెవి గొట్టాలతో వింటే గొంతు తల చుట్టూ తిరుగుతున్నట్లుంది. అది స్టీరియో వైభవమనుకొని మురిసిపోయాను.

మరునాడు మేనల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా, బుయ్ మని హోరు తప్ప అమ్మ పాటేదీ? నా ఫోనులో ఏమీ వినపడటం లేదే!"

నా గుండె జారిపోయింది. అక్కయ్యను మళ్ళీ పాడమనే ధైర్యం నాకు లేదు. వారం రోజులు ఆ తీగె సంగతే చదివాను. అటువంటి మైకు ఒకే ధ్వనిని రెండు తీగెలలో పంపుతుంది, ఒకటి సూటిగా, రెండవది తలక్రిందులుగా. దారిలో తగిలే విద్యుత్తు రొద మాత్రం రెండింటిలోనూ ఒకే తీరున చేరుతుంది. అవతలి యంత్రం ఒకదానినుండి మరొకదానిని తీసివేస్తే, రొద పోయి ధ్వని రెట్టింపవుతుంది. కొట్టువారు ఆ రెండు తీగెలనూ స్టీరియో ప్లగ్గు కుడి ఎడమలకు కలిపారు. పాత కంప్యూటర్లలో మైకు రంధ్రానికి ఒకే శ్రవణమార్గం. రెండవ తీగె వోల్టులకే. ఇంటెల్ వారు 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో పద్ధతిలో ఆ రంధ్రం రెండు మార్గాలనూ వినగలదు. నా కంప్యూటరు ఆ తరానిదే. కనుక ఎడమన పాట, కుడిన తిరగబడిన పాట చేరాయి. ఒకే స్పీకరున్న ఫోను రెండింటినీ కూడితే పాట సున్న అయి, రొద మిగిలింది.

చేయవలసిన తీసివేత ఇప్పుడైనా చేయవచ్చు గదా! 2000లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మజ్జోనీ, డానెన్‌బర్గ్ అనేవారు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరును విడుదల చేశారు. అది ఉచితం. దానిలో పాటను రెండు చాళ్ళుగా విడదీసి, కుడి చాలును ‘ఇన్వర్ట్’ అనే ఆజ్ఞతో తిరగవేసి, రెండింటినీ మోనోగా కలిపాను. హోరు అణగిపోయింది. అక్కయ్య గొంతు, ఊపిరి తీసుకునే చప్పుడుతో సహా, ఎదుట కూర్చున్నట్లు పలికింది. ఆ సాయంత్రం నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

తరువాత ఆ పాట మొత్తం ఏకబిగిన పాడగల ఊపిరి ఆమెకు మళ్ళీ రాలేదు. మేనల్లుడు తన ఫోనులో వినిపిస్తే, కళ్ళు మూసుకొని చివరిదాకా విని, "ఒక చరణం ఎగిరిపోయిందిరా, నువ్వయినా చెప్పలేదేం?" అని నన్ను కేకలేసింది. ఆ చరణం నోటితో చెప్పించి కాగితం మీద వ్రాసుకున్నాను. దాని వరుస మాత్రం ముందు చరణానిదేనట.