పత్రాలు లెక్కపెడితే దొరకని సుబ్బారావు

ఒక శాస్త్రవేత్త ఎన్ని పత్రాలు ప్రచురించాడు, వాటిని ఎందరు ఉదహరించారు అన్న అంకెలతోనే అతని స్థాయిని నిర్ణయించడం నేటి విశ్వవిద్యాలయాల ఆచారం. ఉద్యోగమూ, పదోన్నతీ, నిధులూ ఆ లెక్క వెంటే నడుస్తాయి. ఈ కొలబద్దతో ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని కొలిస్తే ఏమవుతుందో చూడాలని నాకు చాలాకాలంగా కోరిక.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరిన ఆయన హార్వర్డులో సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో పనికి కుదిరారు. భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. మాలిబ్డేటుతో కలిసినప్పుడు పుట్టే నీలిరంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఇరవయ్యో శతాబ్దంలో అత్యధికంగా ఉదహరింపబడిన పత్రాలలో అదొకటి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. ఆ పద్ధతి చలవతోనే బయటపడ్డాయి. ఏ.టి.పి.ని అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా కనుగొన్నాడు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందన్న నాటి సిద్ధాంతం దీనితో కదిలిపోయింది.

ఇంత జరిగినా హార్వర్డు ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. ఫిస్కే ప్రయోగశాలలోనే పనిచేసి, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో ఒక మాట చెప్పాడు: సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్కే అసూయతో వెలుగులోకి రానివ్వలేదట, వాటిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందట. రాయబడని పత్రాన్ని ఏ లెక్క పట్టుకోగలదు?

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ సంస్థకు మారారు. తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి మందు కనుగొనాలన్నది పాత పట్టుదల. ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్నీ తయారీనీ వివరిస్తూ 1946లో 'సైన్స్'లో వచ్చిన పత్రానికి పదహారుగురు కర్తలు. వారిలో ఆయన ఒకరు మాత్రమే.

అసలు విశేషం ఆ తరువాతిది. ఫోలిక్ ఆమ్లం వంటి పదార్థాలిస్తే రక్తకాన్సరు ఉన్న పిల్లలలో జబ్బు ముదురుతున్నట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు తోచింది. అలాగైతే దానికి విరోధులైన పదార్థాలు జబ్బును ఆపాలి కదా! అవి సుబ్బారావుగారి బృందం నుంచి అందాయి. అమినోప్టెరిన్ తయారీని ప్రకటించిన 1947 నాటి పత్రంలో సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ అనే మూడు పేర్లున్నాయి. పరిశోధనా విభాగాధిపతి అయిన సుబ్బారావుగారి పేరు లేదు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల పత్రానికి కర్తలు అయిదుగురు. అక్కడా లేదు. మందు ఇచ్చిన పదహారుగురు పిల్లలలో పదిమందికి కొంతకాలంపాటు జబ్బు వెనక్కు తగ్గింది. మందులతో కాన్సరును ఎదుర్కొనే చరిత్రలో అదొక మలుపు. రెండు నెలలకే, ఆగస్టులో, 53వ ఏట ఆయన కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్‌తో 1956లో లీ, హెర్ట్జ్‌లు కోరియోకార్సినోమాను నయం చేయగలిగారు.

మా అనంతపురం కరువుసీమలో గర్భిణి చేతికి ఆరోగ్యకేంద్రం ఇచ్చే ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లమూ కలిసి ఉంటుంది. కీళ్ళవాతం ముదిరినవారు వారానికొకసారి వేసుకునే మందు మెథోట్రెక్సేట్. ఈ ఊరివారెవరూ ఆయన పత్రాన్ని ఉదహరించరు. ఆయన పేరు కూడా చాలామంది విని ఉండరు. అయినా ఆయన ప్రభావం ఇక్కడిదాకా వచ్చింది.

ఇందులో సీగర్ తదితరుల శ్రమను తక్కువ చేయడం న్యాయం కాదు. గాజుపాత్ర పట్టినవారి పేరు పత్రం మీద ఉండవలసిందే. కానీ ఏ ప్రశ్న వేయాలో, దాని వెంట ఎందరిని నడిపించాలో తేల్చినవాడి పాత్రను నమోదు చేసే గడి ఆ పట్టికలో లేదు. శిష్యుల పని మీద తన పేరు ముందు వేసుకోవడం పెద్దల హక్కుగా చెలామణీ అయ్యే చోట, పేరు లేని ఆ 1947 పత్రాన్ని పరిశోధక విద్యార్థులందరికీ ఒక్కసారైనా చూపించాలని నా కోరిక.