కాలువ కట్టిన తరువాత - కూరపాదుల చరిత్ర

కృష్ణా డెల్టా చరిత్ర వ్రాసినవారందరూ వరితోనే మొదలుపెట్టి వరితోనే ముగించారు. సర్ ఆర్థర్ కాటన్ సూచన, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణ, 1852లో బెజవాడ వద్ద మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి - ఇవన్నీ మనం పాఠాలలో చదివినవే, నేను పిల్లలకు చెప్పినవే. డొక్కల కరువు (1832-33)ను ఎరిగిన నేలకు అన్నం పెట్టిన కథను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఆ అన్నంలోకి కూర ఎక్కడిది? ఈ ప్రశ్నకు చరిత్ర పుస్తకాలలో సమాధానం కనబడదు.

మా పామర్రు ప్రాంతంలో ఏడాదిని కాలువే నడిపిస్తుంది. తొలకరికి నీరు వదిలితే నాట్లు, మార్గశిర పుష్యాలలో కోతలు. కోతకు కొద్ది రోజుల ముందే నిలిచి ఉన్న వరిలో మినుము చల్లుతారు. అది మంచుకూ, నేలలో మిగిలిన పదునుకూ పండుతుంది. ఆ పంట కూడ ఇంటికి చేరేసరికి నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చుతుంది. రెండవ పంటకు నీరివ్వని ఏడు కాలువ కట్టివేస్తారు. ఆ పైన తాగునీటి చెరువులు నింపడానికి మాత్రమే వదులుతారు. డెల్టా రైతుకు అది విశ్రాంతి కాలం. కూరపాదులకు మాత్రం అదే ఆరంభం. వరికి కాలువ తెరిస్తే వసంతం, కూరకు కాలువ కడితే వసంతం.

మాకు ఊరి చివర మెరక మీద అరెకరం కూరమడి ఉండేది. వర్షాకాలంలో పల్లం చేలన్నీ నీటిలో ఉంటే కూరమొక్కల వేళ్ళు కుళ్ళేవి. అందువల్ల మాఘం వెళ్ళి ఫాల్గుణం వస్తూండగా పని మొదలయ్యేది. మా నాయనగారు మట్టి గుల్లచేసి, పశువుల ఎరువు కలిపి, బారెడుకొక పాదు చేసేవారు. బీర, దోస, సొర, పొట్ల, కాకర గింజలను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలక కన్ను విప్పగానే పాదుకు మూడు నాలుగు చొప్పున పెట్టేవారు. బెండ, గోరుచిక్కుడు బోదెల మీద. వంగకు నారుమడి వేరు, నెలనాటి నారు సాయంకాలం చల్లబడ్డాక నాటాలి. లేత ఆకులను పెంకుపురుగు తినకుండా తెల్లవారుజామున మంచు ఆరకముందే బూడిద చల్లడం పిల్లల వంతు. నీళ్ళన్నీ బావివే.

'పాదు' అన్న మాటను గమనించండి. మొక్క చుట్టూ నీరు నిలిచే గుంటా పాదే, ఆ గుంటనుంచి ప్రాకిన తీగా పాదే. 'పాదుకొను' అన్న క్రియ ఇందులోంచి వచ్చిందే. మంచి అలవాటు పాదుకొన్నదని వ్రాసే ప్రతివాడూ తెలిసో తెలియకో కూరమడిని తలచుకొంటున్నాడు.

ఆ మడిలో ప్రపంచ చరిత్ర కూడ ఉండేది. వంగ మన దేశపుదే. మిరప మాత్రం అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో పదహారవ శతాబ్దంలో ఇటు వచ్చి, మన మిరియం పేరుకు దగ్గరి పేరు పెట్టుకొని మనదైపోయింది. టొమాటోదీ ఆ ఖండమే. దానికి మనవారు రామములగ అని పేరుపెట్టి ఇంట చేర్చుకొన్నారు.

చైత్ర వైశాఖాలలో ఇంటికి మించి కాస్తే, మిగిలినవి కోసి ఎండబెట్టి వరుగులు చేసేవారు. కూర దొరకని వానాకాలానికి అవే దిక్కు. మాకు చేరువలోని శ్రీకాకుళాంధ్ర విష్ణువు ఆనతిపై కృష్ణరాయలు రచించిన 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు జడివాన నాళ్ళలో అతిథులకు పెట్టిన విందులో ఈ వరుగులున్నాయి. తరగతిలో ఆ పద్యం చెప్పినప్పుడల్లా నాకు మా అమ్మ చాపమీద ఆరబెట్టిన ముక్కలే కనబడేవి.

ఇక గింజల మాట. సొర, బీర కాయలను తీగమీదే ఎండనిచ్చి, గింజలతో సహా వంటింటి దూలానికి వ్రేలాడదీసేది అమ్మ. పొయ్యి పొగకు పురుగు చేరదు. దోసగింజలను కడిగి బూడిదలో కలిపి ఆరబెట్టేది. పంచాంగం నాయనగారిది, విత్తనం అమ్మది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. వేలమంది పోయారు. అక్కడ ఉన్న మా మేనత్త కుటుంబం ప్రాణాలతో బయటపడింది, ఇల్లు దక్కలేదు. మరుసటి ఫాల్గుణంలో ఆమె మా ఇంటికి వచ్చి, "వడ్లు ఎక్కడన్నా పుట్టించుకుంటాం వదినా, మన బీరగింజ ఎక్కడ పుడుతుంది?" అని అడిగింది. అమ్మ పాతచీర చింపి, ఉన్నదానిలో సగం చిన్న చిన్న మూటలు కట్టి ఇచ్చింది. ఉప్పుపట్టిన నేలలో ఆ ఏడు ఒక్కటీ మొలవలేదు. వానలు నేలను కడిగాక మళ్ళీ వచ్చి మళ్ళీ పట్టుకొనిపోయింది. కొన్నేళ్ళకు తెగులు తగిలి మా బీరపాదులన్నీ ఎండిపోయినప్పుడు, ఆ గింజే దివినుంచి మా ఇంటికి తిరిగివచ్చింది. అమ్మ దానిని అప్పు తీరడమనలేదు, "ఆడపిల్ల పుట్టింటికి వచ్చింది" అన్నది.

1988లో కొత్త విత్తన విధానం వచ్చి కూరగాయ విత్తనాల దిగుమతికి తలుపు తెరిచింది. క్రమంగా సంకరజాతి విత్తనాల పొట్లాలు ఊరూరా చేరాయి. కాపు మెండే, కాదనను. కాని ఆ కాయలోని గింజ దాచి నాటితే తల్లి గుణం నిలకడగా రాదు కనుక ఏటేటా కొనవలసిందే. విత్తనం దాచుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కు రైతుకున్నదని 2001లో మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకటించింది. చట్టం వచ్చేనాటికి మా వంటింట్లో పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. దూలమూ లేదు, పొగా లేదు.

తప్పు ఇతరులమీద వేయలేను. ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరుగుతూ పాదుల మీద వ్యాసాలు దిద్దాను గాని పాదు చేయలేదు. అమ్మ పోయిన తరువాత అటకమీద ఒక ఎండిన బీరకాయ దొరికింది. అందులోని గింజలన్నీ ఫాల్గుణంలో నానబెట్టి, నాయనగారు చేసినట్లే పాదు చేసి పెట్టాను. పదిహేను రోజులు ఉదయం సాయంత్రం నీళ్ళు పోశాను. ఒక్కటీ మొలవలేదు. మేనత్త పిల్లలను అడిగితే వారి దగ్గరా లేదన్నారు.

ఆనకట్ట చరిత్రకు రాతి కట్టడం సాక్ష్యం. కూరపాదు చరిత్రకు గింజే సాక్ష్యం, అది ఏటేటా మొలిస్తేనే సాక్ష్యం. మీ ఇళ్ళలో పెద్దవారు దాచిన కూరవిత్తనం ఏదైనా మిగిలి ఉంటే, దాని పేరు, దాచిన తీరు వ్రాసి పెట్టండి. అంతకంటె ముందు, ఈ ఫాల్గుణంలోనే దానిని నాటండి.