గుంటుపల్లి కొండ: స్తూపమా, లింగమా?

షికారు పోయేవాళ్లకు గుంటుపల్లి ఒక అందమైన కొండ. పత్రికలు దానికి 'ఆంధ్రా అజంతా' అని పేరు పెట్టి ఊరుకున్నాయి. ఆ అందం చాటున ఎవరి చరిత్ర మరుగున పడింది అన్నదే మా ప్రశ్న.

తిరువూరు నుంచి విస్సన్నపేట, చాట్రాయి, చింతలపూడి మీదుగా పోతే కామవరపుకోట మండలంలో జీలకర్రగూడెం వస్తుంది. ఒకప్పుడు పశ్చిమ గోదావరి, 2022 నుంచి ఏలూరు జిల్లా. ఊరి పక్క కొండ మీద క్రీస్తు పూర్వమే బౌద్ధ భిక్షువులు నివాసమున్నారు. శాసనాలు దీన్ని మహానాగపర్వతం అన్నాయి. 1889లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. రాతిని తొలిచిన విహారాలు, ఇటుక చైత్యం, పదుల కొద్దీ చిన్న స్తూపాలు ఇప్పటికీ ఉన్నాయి.

వీటన్నిట్లో మేము ఎక్కువసేపు నిలబడి చూసింది గుండ్రటి గుహ చైత్యాన్ని. తలెత్తి చూస్తే పైకప్పుకు రాతిలోనే వాసాలు చెక్కి ఉన్నాయి. కోస్తా పల్లెల్లో మన పెద్దలు కట్టుకున్న చుట్టిల్లు అచ్చం ఇట్లాగే ఉండేది. కర్రతో ఇళ్లు కట్టడం తెలిసిన చేతుల పనితనాన్నే ఉలి ఇక్కడ రాతిలోకి దించింది. శ్రీసద మహారాజు లేఖకుడు చూళగోముడు మండపం దానం చేశాడని శాసనం చెబుతోంది. దాత పేరు రాతి మీద నిలిచింది. రాయి కొట్టినవాడి పేరేదీ?

ఆ గుహలోని స్తూపాన్ని జనం ధర్మలింగేశ్వరస్వామి అంటారు. పల్నాడులోని చేజెర్ల కపోతేశ్వరాలయం కూడా మొదట బౌద్ధ చైత్యమేనని పండితులు తేల్చారు. దీపం పెట్టే పేద భక్తురాలితో మాకు తగువు లేదు. ఆ పేరు వెనకున్న చరిత్రను చెప్పకుండా దాటేసిన చదువుతోనే మా తగువు. స్తూపం లింగం కావడానికి ఏ చట్టమూ అక్కర్లేకపోయింది. మాల మాదిగలు గుడి గడప తొక్కడానికి మాత్రం 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేయాల్సి వచ్చింది!

అంటరానివారు ఒకనాటి బౌద్ధులేనని, బ్రాహ్మణ్యానికి తల వంచనందుకే వెలికి గురయ్యారని అంబేద్కర్ 1948లో వాదించాడు. ఆ వాదంతో ఏకీభవించని చరిత్రకారులూ ఉన్నారు. చర్చ జరగాల్సిందే. కానీ మన పక్క కొండ మీద బుద్ధుడున్నాడని మన పిల్లలకే తెలియకపోతే ఆ చర్చలో మన తరఫున మాట్లాడేదెవరు?

ఇది పాత గొడవ అనుకోవద్దు. బుద్ధగయ ఆలయ కమిటీలో 1949 చట్టం హిందువులకూ సగం చోటిచ్చింది. దాన్ని రద్దు చేయాలని 2025లో భిక్షువులు నిరాహార దీక్షకు కూర్చున్నారు.

అందుకే తిరువూరు, నూజివీడు, చింతలపూడి ఉపాధ్యాయులకు మా మాట ఒకటే. పిల్లల్ని గుంటుపల్లికి తీసుకుపొండి. దాన్ని పిక్నిక్‌తో సరిపెట్టకండి. ఆ రాతి వాసాల కింద నిలబెట్టి, ఈ ఇల్లు ఎవరిదో వాళ్లనే చెప్పమనండి.