సున్నపు గోడ, లక్ష్మీదేవి పటం

ధనుర్మాసం మొదలైందంటే మన ఊళ్లలో ఇల్లు సర్దుకునే పని మొదలైనట్టే. అటకమీది సామాను కిందికి దిగుతుంది, గూళ్లలోని బూజు దులుపుతారు, పెరట్లో కుండల్లో సున్నం నానుతుంది. పత్రికల్లో పెయింటు కంపెనీల ప్రకటనలూ ఈ రోజుల్లోనే ఎక్కువ. వాటిలోని ఇళ్లు చూస్తే మన ఇంటికి కొత్త కళ తేవాలంటే లక్షలు కావాలేమోనని బెంగపుడుతుంది. నిజానికి తెలుగువాళ్ల ఇల్లు తరతరాలుగా సంక్రాంతికి సంక్రాంతికీ కొత్తదవుతూ వచ్చింది చేతి కష్టంతో, చిల్లర ఖర్చుతో. ఆ కథలో సగం సున్నపురాయిది. మిగతా సగమూ సున్నపురాయిదే, కాకపోతే ఆ రాయి జర్మనీది.

సామాన్యుల ఇళ్లను మన పాత రాతలు పెద్దగా పట్టించుకోలేదు. గుడికిచ్చిన భూమి హద్దులు శాసనాల్లో ఉంటాయి. ఆ భూమి దున్నిన రైతు ఇంటి గోడ ఎలా ఉండేదో ఉండదు. ‘క్రీడాభిరామం’ కావ్యం మనల్ని ఓరుగల్లులో వేశ్య మాచల్దేవి చిత్రశాలకు తీసుకెళ్లి, గోడలమీది పురాణ శృంగార గాథల్ని చూపిస్తుంది. లేపాక్షి గుడి కప్పు మీద విజయనగర కాలపు రంగులు నేటికీ నిలిచి ఉన్నాయి. అవన్నీ కలిగినవాళ్ల సొమ్ముతో వెలసినవి. పూరింటి అలంకారం వేరు. మట్టిగోడ, పేడతో అలికిన నేల, గోడ అడుగున జాజుపట్టె, వాకిట్లో ముగ్గు. శ్రీకాకుళం కొండల్లోని సవరల ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు. చెరిగిపోవడం, మళ్లీ వేసుకోవడం వాటి స్వభావం. అందుకే చరిత్రకారుల చేతికి చిక్కలేదు.

సున్నానికి మాత్రం మన నేలలో కొదవలేదు. పల్నాడు, కర్నూలు, కడప, నల్లగొండ ప్రాంతాల్లో సున్నపురాయి పుష్కలం. పిడుగురాళ్ల పేరు చెబితే ముందు సున్నపు బట్టీలే గుర్తొస్తాయి. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి రాయిలోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే కుతకుత ఉడికి మెత్తబడుతుంది. గోడకు పూశాక గాలిలోంచి ఆ వాయువునే మళ్లీ పీల్చుకుని, పలుచని పొరగా తిరిగి రాయవుతుంది. సున్నానికున్న క్షారగుణం వల్ల బూజు తెగులు, పురుగూ పుట్రా తగ్గుతాయి. పాతకాలం వాళ్లు వడకట్టిన సున్నంలో తుమ్మజిగురు, గుప్పెడు ఉప్పు, తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందు కలిపేవాళ్లు. ఇంటిల్లిపాదీ తలా ఒక కుంచె పట్టుకుంటే సాయంత్రానికల్లా ఇల్లు తెల్లబడేది.

ఈ తెలుపు కోసం ఒకచోట మాత్రం పూడ్చలేని నష్టం జరిగింది. 18వ శతాబ్దం చివర అమరావతి దిబ్బలో బయటపడిన బౌద్ధ శిల్పాలు పల్నాటి సున్నపురాతివే. మొదటిసారి వాటిని చూసి వెళ్లిన సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి చాలా పలకలు మాయమయ్యాయి. కొన్ని కొత్త కట్టడాల్లో కలిసిపోయాయి, కొన్నిటిని సున్నం కోసం కాల్చేశారు. బుద్ధుడి కథలు చెక్కిన రాయి ఎవరి గోడకో వెల్ల అయిందని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇక తెల్లబడిన గోడ మీదికి బొమ్మ ఎలా వచ్చిందో చెప్పాలి. ఇళ్ల చరిత్రలో నా మనసు దోచుకున్న ఘట్టం అదే.

1796లో బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ అనే నాటక రచయిత తన రచనల్ని చౌకగా అచ్చువేసుకునే దారి వెతుకుతూ రాతి అచ్చును కనిపెట్టాడు. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు సిరాతో గీసి, రాయిని తడుపుతారు. తడి ఉన్నచోట సిరా అంటదు, గీత ఉన్నచోటే అంటుతుంది. దానిమీద కాగితం అదిమితే బొమ్మ దిగుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున తయారుచేసి, కాగితాన్ని వెంట్రుకవాసి తేడా రాకుండా వాటన్నిటి మీదా వరసగా అద్దితే రంగుల చిత్రం సిద్ధం. పైన వార్నిష్ పూస్తే తైలవర్ణ చిత్రంలా మెరుస్తుంది.

కేరళలోని కిళిమానూరులో 1848లో పుట్టిన చిత్రకారుడు రవివర్మ బొమ్మలు మొదట్లో రాజమహళ్లకే పరిమితం. అందరూ అడుగుతున్నారు, మీకున్నవి రెండు చేతులే కాబట్టి కొన్ని బొమ్మల్ని యూరప్ పంపి అచ్చువేయించండని 1884లో ఆయనకు సలహా ఇచ్చింది తిరువాంకూరులోనూ బరోడాలోనూ దివానుగా పనిచేసిన సర్ టి. మాధవరావు. రవివర్మ యూరప్ పంపకుండా యంత్రాన్నే ఇక్కడికి రప్పించాడు. 1894లో బొంబాయి గిర్గావ్‌లో, గోవర్ధనదాస్ మఖంజీ భాగస్వామ్యంతో ప్రెస్ పెట్టాడు. తమ్ముడు రాజరాజవర్మ వెన్నంటి నిలిచాడు. యంత్రాలతోపాటు పనివాళ్లూ జర్మనీ నుంచే వచ్చారు. అక్కడ మొదట అచ్చయిన చిత్రం శకుంతల జననం: పసిబిడ్డను ఎత్తి చూపుతున్న మేనక, ముఖం తిప్పుకున్న విశ్వామిత్రుడు. తర్వాత తామరపువ్వు మీద నిలుచున్న లక్ష్మి, వీణ పట్టుకుని రాతి మీద కూర్చున్న సరస్వతి వచ్చారు. ఈ ఇద్దరూ దేశమంతా తిరిగారు.

అంతవరకు దేవుణ్ణి చూడాలంటే గుడికి వెళ్లాలి. గుడి గడప తొక్కనివ్వని కులాలకు ఆ భాగ్యమూ లేదు; మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. దానికి యాభై ఏళ్ల ముందే ఈ రాతి అచ్చు దేవతలు అంగళ్లలో, తిరునాళ్లలో నిలబడ్డారు. కొనుక్కున్నవాడి కులం అడగలేదు. రవివర్మ ఆడవాళ్లకు నాటకాల సోకు అద్దాడని, ఇదంతా బజారు కళ అని ఈసడించిన విమర్శకులున్నారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉండవచ్చు. మట్టింట్లో ఉండే మనిషికి కూడా గోడ మీద ఒక అందమైన బొమ్మ ఉండాలన్న కోరిక తీర్చినవాడి ముందు ఆ నిజం నాకు చిన్నదిగానే కనిపిస్తుంది.

ఇళ్లలో ఆ పటాలకు జరిగిన మర్యాదే వేరు. అద్దం కట్టించి, గోడకు బాగా ఎత్తున, కొంచెం ముందుకు వంగేలా తాడుతో వేలాడదీసేవాళ్లు. కింద పీట మీద కూర్చున్నవాళ్లకూ చాప మీద పడుకున్నవాళ్లకూ దేవత ముఖం సూటిగా కనపడాలి కదా. కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు పటం విప్పి లక్ష్మి చీరకు జరీ, సరస్వతి నగలకు తళుకులు, పూసలు అతికేవాళ్లు. ఎక్కడో అచ్చయిన కాగితం అలా తమ ఇంటి చేతిపని అయిపోయేది.

ప్రెస్ మాత్రం రవివర్మకు కలిసిరాలేదు. 1896లో బొంబాయిని ప్లేగు కమ్మేసింది. 1899లో ప్రెస్‌ను లోనావాలా దగ్గరి మళవలికి తరలించారు. అప్పులు పెరిగి, కొత్త శతాబ్దం మొదలైన కొద్దికాలానికే దాన్ని అక్కడి జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కు అమ్మేశాడు. తర్వాత ‘రాజా హరిశ్చంద్ర’ తీసిన ఫాల్కే కూడా కొన్నాళ్లు ఈ ప్రెస్ పని చేసినవాడే. 1906లో రవివర్మ కన్నుమూశాడు. 1972లో అగ్నిప్రమాదం ప్రెస్‌నూ మింగేసింది.

అప్పటికే బొమ్మల పని శివకాశికి చేరింది. కోవిల్‌పట్టిలో కొండయ్య రాజు, ఆయన శిష్యులు గీసిన దేవుళ్లు కిరాణా కొట్ల క్యాలెండర్ల మీద ఊరూరా తిరిగారు. ఏలూరు వెంకట్రామా అండ్ కో క్యాలెండరు లేని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. దేవుళ్ల పక్కకు గాంధీ, నెహ్రూ వచ్చారు, ఆ తర్వాత సినిమా తారలు. ఏషియన్ పెయింట్స్ కోసం ఆర్.కె. లక్ష్మణ్ 1954లో గీసిన గట్టు అనే అల్లరి పిల్లాడు కుంచె పట్టుకుని డిస్టెంపర్ అమ్మాడు. తర్వాత ఎమల్షన్లు, పుట్టీ, పీవోపీ కప్పులు, స్టిక్కర్లు, ఎల్‌ఈడీ పట్టీలు. ఏది ముందో ఏది వెనకో చెప్పలేనంత వేగంగా వచ్చాయి. అద్దె ఫ్లాట్లలో మేకు కొట్టనివ్వరు. ఎక్కడో నిర్మల్ చిత్రం, ఎక్కడో చేర్యాల నకాశీ ముఖం, టీవీ చుట్టూ చెక్క షోకేసు.

ఈ పండక్కి తక్కువలో ఇల్లు మార్చుకోవాలనుకునేవాళ్లకు సున్నం ఇంకా పనికొస్తుంది. మట్టిగోడకూ పాత సున్నపు గారకూ అదే సరి. లోపలి తేమను బయటికి పోనిస్తుంది. ఎమల్షన్ వేసిన గోడకు మాత్రం పట్టదు, దాన్ని గీకేయాల్సిందే. సున్నంలో నీళ్లు పోసేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచి, కళ్లకూ చేతులకూ రక్షణ చూసుకోవాలి. గోడ తడిపి, పలచగా మూడు పూతలు వేస్తే ఒక మందపు పూత కన్నా నిలుస్తుంది. తాతమ్మల నాటి పటం దొరికితే తడిగుడ్డతో తుడవకండి, జరీ రాలుతుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. చెదలు పట్టిన వెనక అట్ట మార్చి, గోడ బాగా ఆరాకే తగిలించండి. పచ్చి సున్నం తేమ పాత కాగితానికి మరకలు తెస్తుంది.